పాత ప్రోగ్రామింగ్ భాషల్లోకి ఆబ్జెక్టులు

స్మాల్‌టాక్, జావా వంటి కొన్నింటిని పక్కన పెడితే, ఆబ్జెక్ట్ ఓరియంటెడ్ అని మనం చెప్పుకునే ప్రోగ్రామింగ్ భాషల్లో చాలా వాటికి అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. అప్పటికే వాడుకలో ఉన్న భాషకు క్లాసులు, వారసత్వం తర్వాత వచ్చి చేరాయి. సీ మీద సీ ప్లస్ ప్లస్, ఆబ్జెక్టివ్ సీ అనే రెండు భాషలు లేచాయి. పాస్కల్, లిస్ప్, అడా, పెర్ల్, పీహెచ్‌పీ, విజువల్ బేసిక్, కోబాల్, ఫోర్ట్రాన్ ఒకదాని తర్వాత ఒకటిగా ఇదే దారి పట్టాయి. 1960ల నుంచి నేటి దాకా సాగుతున్న ఈ పనిలో ఆబ్జెక్టు అనే ఊహ పెద్ద చిక్కు తేలేదు. చిక్కంతా అప్పటికే రాసి, నడుస్తున్న పాత ప్రోగ్రాములతోనే వచ్చింది.

ఊప్స్ అంటే ఏమిటి

ఆబ్జెక్టుకు ‘వస్తువు’ అనీ, క్లాసుకు ‘తరగతి’ అనీ తెలుగు మాటలు ఉన్నా, ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలోనూ నలిగేది ‘ఊప్స్’ (ఆబ్జెక్ట్ ఓరియంటెడ్ ప్రోగ్రామింగ్ సిస్టమ్) అన్న మాటే. ‘ఊప్స్‌కు నాలుగు పిల్లర్లు ఏవి?’ అని ఇంటర్వ్యూలో అడుగుతారు. అబ్‌స్ట్రాక్షన్, ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం అని అభ్యర్థి ఏకరువు పెడతాడు. ఆ నాలుగూ అప్పజెప్పినంత మాత్రాన విషయం బోధపడినట్టు కాదు గనక ఒక ఉదాహరణ చూద్దాం.

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి గుడిలో సేవా టికెట్లు ఇచ్చే ప్రోగ్రాం రాయాలనుకుందాం. అభిషేకం, గణపతి హోమం, సంకటహర గణపతి వ్రతం అని టికెట్లు రకరకాలు. పాత పద్ధతిలో టికెట్ వివరాలు ఒకచోట ఉంటాయి, వాటి మీద పనిచేసే ప్రొసీజర్లు మరోచోట ఉంటాయి. ధర లెక్కగట్టే ప్రొసీజరు ‘ఇది అభిషేకమా? హోమమా? వ్రతమా?’ అని వరసగా అడుగుతుంది. సమయం చెప్పే ప్రొసీజరు మళ్లీ అవే ప్రశ్నలు వేస్తుంది, రసీదు అచ్చువేసేదీ అంతే. కొత్త సేవ మొదలుపెడితే ఈ ప్రశ్నలున్న చోట్లన్నీ వెతికి తలా ఒక పంక్తి చేర్చాలి. ఒక్క చోటు మరిచినా కౌంటరు దగ్గర గొడవే.

ఆబ్జెక్ట్ పద్ధతిలో ‘టికెట్’ అనే క్లాసు ఒకటి ఉంటుంది. అభిషేకం టికెట్, హోమం టికెట్ దాని వారసులు. ధర ఎంతో, ఏ వేళకు రావాలో ప్రతి టికెట్టుకూ తనకే తెలుసు. అడిగేవాడు ‘నీ ధర చెప్పు’ అంటే చాలు, అది ఏ రకమో అతనికి అక్కర్లేదు. కొత్త సేవ వస్తే కొత్త క్లాసు రాస్తారు, పాత కోడు జోలికి వెళ్లరు. నాలుగు పిల్లర్లలో అసలు బరువు మోసేది ఈ చివరిదే. అడిగే మాట ఒకటే, జవాబిచ్చే కోడు ఏదో ప్రోగ్రాం నడిచేటప్పుడు తేలుతుంది. పాత భాషకు చేర్చడానికి కష్టమైనదీ ఇదే.

కాణిపాకం అనగానే చిత్తూరు వైపు మనిషికి గుర్తొచ్చేది ప్రమాణం. అప్పు ఎగ్గొట్టినవాడి దగ్గర్నుంచి ఆరోపణలు విసురుకునే రాజకీయ నాయకుల దాకా ‘కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?’ అని సవాలు చేసుకుంటారు. భాషను పెంచేవాళ్లు కూడా దాన్ని వాడేవాళ్లకు ఒక ప్రమాణం చేస్తారు: నిన్న నడిచిన ప్రోగ్రాం, అక్షరం మార్చకపోయినా, రేపూ నడుస్తుంది. ఆబ్జెక్టులు చేర్చిన ప్రతిచోటా ఈ మాట పరీక్షకు గురైంది. కొందరు నిలబెట్టుకున్నారు, కొందరు సగం నిలబెట్టుకున్నారు, ఒకరిద్దరు తెలిసీ తప్పారు.

మొదటిది కూడా చేర్పే

ఆబ్జెక్ట్ భాషలకు ఆద్యమైన సిములా 67 కూడా శూన్యంలోంచి పుట్టలేదు. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ అల్గాల్ 60ను పొడిగించి దాన్ని తయారు చేశారు. కౌంటర్ల ముందు బారులు, రేవులో ఓడలు, ఫ్యాక్టరీలో యంత్రాలు ఎలా నడుస్తాయో కంప్యూటర్‌లో ఆడించి చూడటం వాళ్ల అసలు పని.

అల్గాల్‌లో ఒక బ్లాకులోకి అడుగు పెట్టగానే దాని చరరాశులకు మెమరీలో చోటు దొరుకుతుంది. బయటికి రాగానే ఆ చోటు పోతుంది. బ్లాకు ముగిశాక కూడా ఆ చరరాశులు, వాటితో పాటు ఆ బ్లాకులోని ప్రొసీజర్లు బతికి ఉంటే? సిములాలో ఆబ్జెక్టు అంటే అదే. ఊహ చిన్నదే గానీ, చివరగా వచ్చింది ముందుగా పోయే స్టాక్ పద్ధతి దానికి చాలదు. ఎప్పుడు పోతాయో తెలియని వాటికి వేరే చోటు కావాలి, పనికిరానివాటిని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ కావాలి. భాషలో రెండు మాటలు పెంచితే అడుగున మెమరీ ఏర్పాటంతా మారిపోయింది. ఆ ఇద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మరుసటి ఏడే ఇద్దరూ కన్నుమూశారు.

సీకి ఇద్దరు వారసులు

బ్యార్నె స్ట్రౌస్‌ట్రుప్ కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు తన ప్రోగ్రాం సిములాలో రాశాడు. ఆలోచించడానికి సిములా హాయిగా ఉంది, నడవడం మాత్రం నత్తనడక. చివరికి దాన్ని బీసీపీఎల్‌లో తిరగరాయాల్సి వచ్చింది. 1979లో బెల్ ల్యాబ్స్‌లో చేరిన వెంటనే, సిములా క్లాసులను సీ వేగంతో నడపాలని ‘సీ విత్ క్లాసెస్’ మొదలుపెట్టాడు. మొదట అది క్లాసులను మామూలు సీగా మార్చి ఇచ్చే ప్రీప్రాసెసర్ మాత్రమే. 1983లో, ఏ కోడు నడవాలో నడిచేటప్పుడు తేల్చే వర్చువల్ ఫంక్షన్లు చేరాయి, సీ ప్లస్ ప్లస్ అన్న పేరు వచ్చింది. 1985లో బజారుకు వచ్చిన సీఫ్రంట్ కూడా సీ ప్లస్ ప్లస్‌ను సీలోకి అనువదించేదే. సీ కంపైలర్ ఉన్న ప్రతి యంత్రం మీదా కొత్త భాష నడవడానికి ఈ ఒక్క ఎత్తు చాలింది.

ఆయన పెట్టుకున్న నియమం: వాడని సౌకర్యానికి ఎవరూ మూల్యం చెల్లించకూడదు. అందుకే సీ ప్లస్ ప్లస్‌లో ఫంక్షను దానంతట అది వర్చువల్ కాదు, కావాలని రాసుకోవాలి. రాసుకుంటే కంపైలర్ ఆ క్లాసుకు ఒక పట్టిక కడుతుంది, ఏ పనికి ఏ ఫంక్షను అన్నది అందులో ఉంటుంది. ప్రతి ఆబ్జెక్టూ ఆ పట్టిక చిరునామాను వెంట ఉంచుకుంటుంది. నేటి 64 బిట్ల యంత్రం మీద ఆబ్జెక్టుకు 8 బైట్లు, పిలిచినప్పుడల్లా పట్టికలో ఒకసారి తొంగిచూడటం, ఖర్చు ఇంతే. మన టికెట్ ఉదాహరణలో వరస ప్రశ్నల స్థానంలో ఈ పట్టిక వచ్చి కూర్చుంటుంది. వారసుడి ఆబ్జెక్టులో తల్లి క్లాసు భాగాలు ముందు, సొంతవి తర్వాత ఉంటాయి గనక తల్లి కోసం రాసిన కోడు వారసుడి మీద అలాగే పనిచేస్తుంది.

ఒకే పేరుతో పలు ఫంక్షన్లు ఉండనిచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. సీ కాలం నాటి లింకర్లకు ఒక పేరుకు ఒక ఫంక్షను మాత్రమే తెలుసు. లింకర్లను మార్చమంటే ఎవరూ వినరు. అందుకని కంపైలరే ప్రతి పేరుకూ దాని ఆర్గ్యుమెంట్ల రకాలను తోకలా తగిలించి వికృతం చేస్తుంది. లింకర్ చూపించే ఎర్రర్లలో ఆ వింత పేర్లు చూసి జడుసుకోని విద్యార్థి ఉండడు.

మరి ప్రమాణం? సీ ప్లస్ ప్లస్ దాన్ని చాలావరకే నిలబెట్టుకుంది. ‘క్లాస్’, ‘న్యూ’, ‘డిలీట్’, ‘దిస్’ అన్న మాటలను భాష తన సొంతం చేసుకుంది. అప్పటిదాకా చరరాశికి క్లాస్ అని పేరు పెట్టుకున్న సీ ప్రోగ్రాములు కొత్త కంపైలర్ ముందు తెల్లమొహం వేశాయి. యూనిక్స్ తెరల మీద బొమ్మలు గీసే ఎక్స్ విండో వ్యవస్థలోని ఎక్స్‌లిబ్ హెడర్ ఫైలు తెరిస్తే ఆ మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. అందులో ఒక అంశం పేరు సీకి ‘క్లాస్’, సీ ప్లస్ ప్లస్‌కు మాత్రం ‘సీ అండర్‌స్కోర్ క్లాస్’.

సరిగ్గా అదే కాలంలో బ్రాడ్ కాక్స్, టామ్ లవ్ ఆబ్జెక్టివ్ సీని రూపొందించారు. స్మాల్‌టాక్‌లోని సందేశాల పద్ధతిని వాళ్లు సీ మీద కూర్చారు. ప్రమాణం విషయంలో వీళ్లు సీ ప్లస్ ప్లస్ కన్నా నిక్కచ్చి. కొత్త మాటల ముందు ‘ఎట్’ గుర్తు పెట్టారు. సీలో ఆ గుర్తుకు పనేమీ లేదు గనక పాత ప్రోగ్రాములతో పేచీ రాదు. సందేశాలకు చదరపు బ్రాకెట్లు వాడారు. ప్రతి సీ ప్రోగ్రామూ ఆబ్జెక్టివ్ సీ ప్రోగ్రామే. చూడ్డానికి మాత్రం రెండు భాషలను పక్కపక్కన కుట్టిన బొంత లాగా ఉంటుంది. ఎవరు జవాబివ్వాలన్నది ఇందులో పూర్తిగా నడిచేటప్పుడే తేలుతుంది, అవసరమైతే ఎవరో రాసిన క్లాసుకు కూడా కొత్త మెథడ్లు, అంటే క్లాసుకు చెందిన ఫంక్షన్లు, తగిలించవచ్చు. స్టీవ్ జాబ్స్ కంపెనీ నెక్స్ట్ 1988లో దీని లైసెన్సు తీసుకుంది. ఆపిల్ నెక్స్ట్‌ను కొనడంతో భాష ఆపిల్ ఇంట చేరి, మ్యాక్ మీదుగా ఐఫోన్ దాకా ప్రయాణించింది. 2014లో స్విఫ్ట్ వచ్చేదాకా ఐఫోన్ యాప్ రాయాలంటే ప్రధానంగా ఈ బొంతే దిక్కు.

మన కాలేజీల్లో మాత్రం సీ తర్వాత సీ ప్లస్ ప్లస్సే వచ్చింది. బాలగురుసామి పుస్తకం, టర్బో సీ ప్లస్ ప్లస్ నీలి తెర రెండూ ఒక తరానికి ఊప్స్ నేర్పాయి. సీ చదివాక ఇది చదవడంలో ఒక నష్టముంది: క్లాసంటే ఫంక్షన్లున్న స్ట్రక్చరని చాలామంది అక్కడే ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు, భాష నిజంగా అలాగే కట్టింది. సీ ప్లస్ ప్లస్‌లో స్ట్రక్ట్‌కూ క్లాసుకూ అసలు తేడా, ఏమీ చెప్పకపోతే లోపలి అంశాలు అందరికీ కనపడతాయా లేదా అన్నదే.

లిస్ప్

శ్రీకాళహస్తి ప్రాంతానికి చెందిన కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి, అంటే రాజ్ రెడ్డి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేశారు. మెకార్తీ 1958లో లిస్ప్‌కు రూపమిచ్చిన మనిషి. రాజ్ రెడ్డి పరిశోధన మాటను గుర్తుపట్టే యంత్రాల మీద, ఆబ్జెక్టులతో ఆయనకు నేరుగా సంబంధం లేదు. ఆయన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్న 1994లోనే, గురువు గారి భాషకు ఆబ్జెక్టులతో కూడిన అమెరికా ప్రామాణిక రూపం, అన్సీ కామన్ లిస్ప్, వెలువడింది.

లిస్ప్‌కు ఆబ్జెక్టులు చేర్చడానికి కమిటీ అనుమతి అక్కర్లేదు. మాక్రోల సాయంతో ఎవరికి వారు భాషను పెంచుకోవచ్చు, పెంచుకున్నారు కూడా. ఎంఐటీలో ‘ఫ్లేవర్స్’, జెరాక్స్ పరిశోధనాలయంలో ‘లూప్స్’ తయారయ్యాయి. ఫ్లేవర్స్ పేరు ఊరికే పెట్టలేదు. దగ్గర్లోని ఐస్‌క్రీం కొట్లో కోరిన రుచిలో కోరిన పలుకులు కలిపి ఇచ్చేవారు. ఆ పలుకులను పిలిచే ‘మిక్సిన్’ అన్న మాట అక్కణ్నుంచే ప్రోగ్రామింగ్‌లోకి వచ్చి నిలిచిపోయింది.

ఈ రకరకాల ప్రయత్నాలు కలిసి క్లాస్ అనే వ్యవస్థ అయ్యింది (కామన్ లిస్ప్ ఆబ్జెక్ట్ సిస్టమ్ పేరులోని పొడి అక్షరాల కూడిక అది, ఈ వ్యాసంలోని క్లాసుతో కలగలపకండి). దాంట్లో మెథడ్లు క్లాసుల సొత్తు కావు. అవి జెనరిక్ ఫంక్షన్లకు చెందుతాయి. పిలిచేవాడికి మామూలు ఫంక్షనుకూ దీనికీ తేడా కనపడదు. నిన్నటి దాకా సాదా ఫంక్షనుగా ఉన్నదాన్ని జెనరిక్ చేసినా దాన్ని పిలిచే పాత కోడులో కామా కూడా మారదు. జెనరిక్ ఫంక్షను ఏ ఆర్గ్యుమెంటు రకాన్ని బట్టైనా, రెండు మూడింటిని కలిపి చూసైనా మెథడ్‌ను ఎంచుతుంది. పాత భాషకు ఆబ్జెక్టులు చేర్చిన తీరుల్లో ఇంతకన్నా ఒద్దికైనది మరొకటి కనపడదు. జనంలోకి మాత్రం అది పోలేదు.

తప్పిన మాట: విజువల్ బేసిక్

విజువల్ బేసిక్ 4 (1995) క్లాసులు రాసుకోనిచ్చింది, వారసత్వం ఇవ్వలేదు. ఆ లోటు 2002లో మైక్రోసాఫ్ట్ కొత్త వేదిక డాట్ నెట్‌తో పాటు వచ్చిన విజువల్ బేసిక్ తీర్చింది. తీర్చడంతో ఆగలేదు. ఇంటిజర్ అంటే అప్పటిదాకా 16 బిట్లు, ఇప్పుడు 32. వేరియంట్ రకం పోయింది. ఆబ్జెక్టును కేటాయించేటప్పుడు రాయాల్సిన ‘సెట్’ పోయింది. ఆర్గ్యుమెంట్లు పంపే పద్ధతి తిరగబడింది. భాషను డాట్ నెట్ అచ్చులో పోయాలంటే ఇవన్నీ తప్పవని మైక్రోసాఫ్ట్ భావించింది. పాత ప్రోగ్రాములను మార్చే విజర్డ్ ఒకటి ఇచ్చినా, పెద్ద ప్రోగ్రాముల్లో చేత్తో సరిదిద్దాల్సినవి బోలెడు మిగిలేవి. విసిగినవాళ్లు కొత్త భాషకు ‘విజువల్ ఫ్రెడ్’ అని పేరు పెట్టారు: బేసిక్ అన్న పేరు దానికి ఇక తగదని వాళ్ల వెక్కిరింత. 2005లో వేలమంది సంతకాలతో మహజరు పెట్టినా కంపెనీ దిగిరాలేదు. అయినా విజువల్ బేసిక్ 6 ప్రోగ్రాములు నడపడానికి కావాల్సిన ఫైళ్లు నేటి విండోస్‌లోనూ ఉన్నాయి. తెలిసీ మాట తప్పినవాళ్లు కూడా పాత ప్రోగ్రామును చంపలేకపోయారు.

ఈ కథలో హైదరాబాద్‌కూ చోటుంది. మైక్రోసాఫ్ట్ తన విజువల్ జే ప్లస్ ప్లస్‌లో జావాకు ‘డెలిగేట్’ అనే కొత్త సరుకు చేర్చింది. ఒక ఆబ్జెక్టూ దాని మెథడూ కలిపి మూటగట్టి మరొకరికి అందించే సౌకర్యం అది. జావా యజమాని సన్ కంపెనీ దాన్ని ఒప్పుకోలేదు. జావాను మైక్రోసాఫ్ట్ తనకు తోచినట్టు మారుస్తోందని 1997లోనే సన్ వేసిన దావా 2001 జనవరిలో రాజీతో ముగిసింది. మరి జే ప్లస్ ప్లస్‌లో రాసిన ప్రోగ్రాముల గతేమిటి? వాటిని డాట్ నెట్ మీదికి తెచ్చే విజువల్ జే షార్ప్‌ను తయారు చేసింది హైదరాబాద్‌లో 1998లో మొదలైన మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం. తెలుగు గడ్డ మీద రూపుదిద్దుకుని ప్రపంచ మార్కెట్లోకి వెళ్లిన భాషల్లో అదొకటి. కొత్త ప్రోగ్రాములు రాయించడానికి కాక, పాతవాటికి వంతెనగా పుట్టింది గనక దాని ఆయుష్షు మొదటే తేలిపోయింది. కంపెనీ 2007లో దాని అభివృద్ధికి స్వస్తి పలికింది. డెలిగేట్ మాత్రం సీ షార్ప్‌లో చేరి స్థిరపడింది.

ముద్ర, నకలు, నిరీక్షణ

పెర్ల్ 5 (1994) చూపిన పొదుపు మరెవరూ చూపలేదు. ఉన్న రిఫరెన్సుకు ‘బ్లెస్’ అనే ఫంక్షనుతో ఒక ప్యాకేజీ పేరు ముద్ర వేస్తే చాలు, అది ఆబ్జెక్టు. ప్యాకేజీయే క్లాసు, సబ్‌రొటీనే మెథడు, తల్లుల పేర్లున్న ఒక అర్రే వారసత్వం. ఇంత చవగ్గా దొరికిందని సంతోషించినవాళ్లకు తర్వాత తెలిసొచ్చింది, మిగిలిందంతా ఎవరికి వారే కట్టుకోవాలని. ‘క్లాస్’ అన్న మాట పెర్ల్‌లోకి 2023లో, అదీ ప్రయోగాత్మకంగా, వచ్చింది.

పీహెచ్‌పీ 4లో ఆబ్జెక్టును మరో చరరాశికి ఇస్తే మొత్తం నకలు తయారయ్యేది. ఒక నకలులో మార్పు చేసి రెండోదాంట్లో కనపడలేదని తల పట్టుకున్నవాళ్లకు లెక్కలేదు. 2004లో పీహెచ్‌పీ 5 ఆ పద్ధతిని మార్చి, ఆబ్జెక్టును చూపే పిడిని మాత్రమే పంచింది. నకళ్ల మీద ఆధారపడిన ప్రోగ్రాములకు దెబ్బ తగిలింది. పాత తీరులో నడపమనే ఒక సెట్టింగ్ కొన్నాళ్లు ఊరట.

జావాస్క్రిప్ట్ ఓపిక వేరు. దాని మొదటి ప్రామాణిక గ్రంథం (1997) ‘క్లాస్’, ‘ఎక్స్‌టెండ్స్’, ‘సూపర్’ అన్న మాటలను ఎవరూ వాడకూడదని ముందే దాచిపెట్టింది. వాటికి పని దొరికింది 2015లో. పద్దెనిమిదేళ్లు రుమాలు వేసి సీటు ఆపినట్టు. పాస్కల్ వారసుడైన డెల్ఫీ (1995) ఇంకో ఉపాయం పన్నింది. టర్బో పాస్కల్ నాటి ‘ఆబ్జెక్ట్’ను అలాగే ఉంచి, పక్కనే ‘క్లాస్’ అని వేరే పద్ధతి పెట్టింది.

కోబాల్, అడా, ఫోర్ట్రాన్

కోబాల్‌కు ఆబ్జెక్టులు 2002 స్టాండర్డ్‌తో వచ్చాయి. సీలో ప్లస్ ప్లస్ అంటే ఒకటి కలపడం గనక, సీ ప్లస్ ప్లస్ పేరును అనుకరిస్తూ దీన్ని ‘యాడ్ వన్ టు కోబాల్’ అనాలని జోకు. 2000 సంవత్సరపు తేదీల గండానికి ముందు కోబాల్ నేర్చుకుని విమానమెక్కిన తెలుగువాళ్లు సరిదిద్దింది పాత కోబాల్‌నే. ఆ పని అయ్యాక బ్యాంకులు ఆ ప్రోగ్రాములను ముట్టుకోవడానికి జంకాయి. ఆబ్జెక్టుల కోబాల్‌కు గిరాకీ రాలేదు. అడా 95 ఆరు కొత్త మాటలను మాత్రమే తనవి చేసుకుంది. వాటిలో ‘ట్యాగ్డ్’ ఉంది, ‘క్లాస్’ లేదు. అంతర్జాతీయ స్టాండర్డ్ పొందిన తొలి ఆబ్జెక్ట్ భాష అడా 95.

ఫోర్ట్రాన్ 1957 నాటిది. దానికి రిజర్వు చేసిన మాటలంటూ లేవు. ఏ మాట ఆజ్ఞో, ఏది చరరాశో వాక్యాన్ని బట్టి కంపైలర్ తేల్చుకుంటుంది. కాబట్టి ఫోర్ట్రాన్ 2003 ‘క్లాస్’ను తెచ్చినప్పుడు, ఆ పేరుతో చరరాశి పెట్టుకున్న పాత ప్రోగ్రాముకు కూడా ఏమీ కాలేదు. టైపుల పొడిగింపు, టైపుకు కట్టిన ప్రొసీజర్లు అందులో ఉన్నాయి. కంపైలర్లు వాటిని పూర్తిగా అందుకోవడానికి ఏళ్లు పట్టింది. బ్రిటన్ వాతావరణ శాఖ కొత్తగా రాసుకుంటున్న ఎల్‌ఎఫ్‌రిక్ నమూనా ఆ సౌకర్యాలను వాడుకుంటోంది.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధనా సంస్థ ఉంది. 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలై 2005లో ఈ పేరు తెచ్చుకుంది. అక్కడి పరిశోధకులు వాడే వాతావరణ నమూనాల్లో డబ్ల్యూఆర్‌ఎఫ్ ఒకటి. అది చాలావరకు ఫోర్ట్రాన్ 90లో రాసింది, అంటే ఆబ్జెక్టులు రాకముందటి ఫోర్ట్రాన్. అయితే దాని లోపల ‘డొమైన్’ అనే టైపు ఉంది. ఒక ప్రాంతపు గాలి, వేడి, తేమ వివరాలన్నీ దాంట్లో ఉంటాయి. 27 కిలోమీటర్ల గళ్ల పెద్ద ప్రాంతంలో 9 కిలోమీటర్లది, దానిలో 3 కిలోమీటర్లది ఇమిడినప్పుడు, ప్రతి డొమైనూ తన తల్లి ఎవరో, పిల్లలు ఎవరో పాయింటర్లతో గుర్తుపెట్టుకుంటుంది. ఒక్కో అడుగు ముందుకు లెక్కగట్టే ‘సాల్వ్ ఈఎం’ అనే సబ్‌రొటీన్ మొదటి ఆర్గ్యుమెంటుగా ‘గ్రిడ్’ అన్న పేరుతో ఆ డొమైన్‌ను తీసుకుంటుంది. సీ ప్లస్ ప్లస్‌లో కంటికి కనపడకుండా ‘దిస్’గా, పెర్ల్‌లో ‘సెల్ఫ్’గా వచ్చేది ఇక్కడ ప్రోగ్రామర్ తన చేత్తో రాసి పంపుతాడు.